కడుపులోని అమానతు

గత రమజానులో జుహర్ నమాజు తరువాత ఒక యువకుడు మా వద్దకు వచ్చాడు. అతని భార్యకు తొమ్మిదో నెల. ఆ ఉదయమే స్కానింగ్‌లో ఉమ్మనీరు తగ్గిందని తేలింది. నీరు బాగా తాగి, రెండు రోజుల్లో మళ్లీ రమ్మని డాక్టరమ్మ చెప్పారు. "హజ్రత్, తను రోజా విడవనంటోంది. నలుగురు బిడ్డలనూ రోజాలు ఉంటూనే కన్నానని మా అమ్మీ అంటోంది. ఏం చేయమంటారు?" అని అడిగాడు.

అటువంటి పట్టుదలను ఈమాన్‌కు గుర్తుగా మెచ్చుకున్న రోజులు మాకూ ఉన్నాయి. అందుకే తొందరపడక, ముందు ఆ వైద్యురాలితో ఫోనులో మాట్లాడాము.

గర్భం చివరి నెలల్లో ఉమ్మనీరు ప్రధానంగా శిశువు మూత్రం వల్లనే ఏర్పడుతుంది. తల్లి ఒంట్లో నీరు తగ్గితే శిశువుకు చేరేదీ తగ్గుతుంది. గర్భాశయంలో నాలుగు వైపులా కొలిచిన నీటి లోతు మొత్తం 5 సెంటీమీటర్లకు మించకపోతే వైద్యులు దానిని లోపంగా పరిగణిస్తారు. అటువంటి తల్లులు రెండు లీటర్ల నీరు తాగినప్పుడు కొద్ది గంటల్లోనే ఉమ్మనీరు పెరిగినట్లు పరిశోధనల్లో కనిపించింది. అయితే ఇది అన్నింటికీ మందు కాదు. ఉమ్మనీటి సంచి చిరిగినా, మాయ సరిగా పనిచేయకపోయినా, శిశువు మూత్రపిండాల్లో లోపమున్నా నీరు తాగడంతో సరిపెట్టుకోరాదు. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో వైద్యులనే అడగాలి. నీరు కారుతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక షరీఅత్ మాట. రోగికీ ప్రయాణికునికీ వేరే దినాలలో లెక్క పూర్తి చేసుకునే వెసులుబాటును దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 185వ ఆయత్‌లో ఇచ్చింది. గర్భిణికీ పాలిచ్చే తల్లికీ రోజా విషయంలో సడలింపు ఉన్నదని దైవప్రవక్త (స) హదీసు తెలుపుతోంది. తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న సహేతుకమైన భయముంటే ఆమె రోజాను మధ్యలోనైనా విరమించవచ్చు, కఫ్ఫారా లేదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం తరువాత ఖజా పాటిస్తే చాలు. కేవలం బిడ్డ కోసమే విడిచినట్లయితే ఫిదియా కూడా ఇవ్వాలన్నది షాఫయీ మార్గం.

"ఇంటికి వెళ్లి, ముందు ఆమెకు నీళ్లు ఇవ్వు. ఇఫ్తార్ వరకు ఆగవద్దు. అమ్మీకి మా సలాం చెప్పి, ఆ గ్లాసు ఆమె చేతనే ఇప్పించు" అన్నాము.

రెండు రోజుల తరువాత ఉమ్మనీరు కొంత పెరిగిందని అతడు చెప్పాడు. అయినా వైద్యులు ఆమెను తమ పర్యవేక్షణలోనే ఉంచారు.

సోదరీమణులారా! మన కోడళ్లు రోజా విడిచినందుకు సిగ్గుతో వంటింటి మూలన దాగి నీళ్లు తాగే పరిస్థితి రానీయకండి. అల్లాహ్ ఇచ్చిన సడలింపును స్వీకరించడం కూడా ఆయనకు విధేయత చూపడమే. కడుపులోని బిడ్డ ఆయన మనకు అప్పగించిన అమానతు. రోజాకు ఖజా ఉంది; ప్రాణానికి లేదు.

అల్లాహ్ మన తల్లులనూ బిడ్డలనూ క్షేమంగా ఉంచుగాక! ఆమీన్.