దూరమును కొలుచుట యెట్లు?

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున కళాశాలలు మూతపడినప్పుడు పాఠము సెల్‌ఫోనులోనికి ప్రవేశించినది. వ్యాధి తగ్గి తలుపులు తెరచుకొన్న పిదపను ఆ పద్ధతి పోలేదు. యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను 2021లో చేసిన నిబంధనలను బట్టి, ఒక సెమిస్టరులోని పాఠ్యాంశములలో నూటికి 40 వంతుల వరకు ‘స్వయం’ వేదికపై చదువుకొనుటకు కళాశాలలు అనుమతింపవచ్చును. కావున ఈ పాఠములలో విద్యార్థికిని అధ్యాపకునకును గల సంబంధ మెట్టిదో విచారింపక తప్పదు.

తెలుగువారికి దూరవిద్య క్రొత్త కాదు. నేడు డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేర నడచుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున స్థాపితమైనది. దేశమున ఆ కోవకు చెందిన సంస్థలలో అదియే మొదటిది. అది అచ్చుపాఠములను పంపుటతో సరిపుచ్చక, అధ్యయన కేంద్రములలో ముఖాముఖి తరగతులను గూడ ఏర్పాటు చేసినది. ఎంత చక్కని పాఠమైనను, అచ్చుకాగితము విద్యార్థి సందేహమునకు బదులు చెప్పజాలదు గదా!

దూరవిద్యను సిద్ధాంతీకరించిన వారిలో ప్రముఖుడగు మైకేల్ మూర్ ఈ దూరమును మైళ్ళతో కొలువలేదు. సంభాషణ తగ్గి, పాఠము కదలని చట్రముగా బిగిసిన కొలది గురుశిష్యుల నడుమ దూరము పెరుగునని ఆయన ప్రతిపాదించెను. ఆ లెక్కన, రెండు వందలమంది గల గదిలో ఏనాడును నోరు విప్పని చివరి బల్ల విద్యార్థి దూరముననే యున్నాడు. నూరు మైళ్ళ ఆవల నుండియు, తన వ్యాసముపై అధ్యాపకుడు వ్రాసిన వ్యాఖ్యను చదువుకొనువాడు దగ్గరనే యున్నాడు.

ఈ సంగతి గ్రహింపక కొందరు కెమెరా తెరచి యుంచవలెనని నిర్బంధింతురు. ఇంట ఒకే గదియు, అందరికి కలిపి ఒకే ఫోనును గల బాలికకు ఆ నిర్బంధము శిక్షయే యగును. హాజరు పట్టీలో పేరున్నంత మాత్రమున మనసు పాఠమున నున్నట్లు కాదు. అంతకంటె, ఉపన్యాసమును కుదించి ప్రశ్నలకు చోటిచ్చుట మేలు. ఐదారుగురిని ఒక జట్టుగా చేర్చి చర్చింపజేసినచో తోటివారి పరిచయము కలుగును. నోట అడుగలేనివారికి వ్రాసి అడుగు వీలుండవలెను. వ్రాసిన ప్రతి జవాబునకు, విద్యార్థిని పేరుతో సంబోధించి, రెండు వాక్యములైనను వారము లోపల బదులు వ్రాయవలెను. రెండు వారములు కానరాని వానికి ఫోను చేసి కారణ మడుగవలెను.

ఇందులకు యంత్రము కంటె అధ్యాపకుని తీరిక ముఖ్యము. ఒక్కనికి వేలమందిని అప్పగించి, ఖర్చు తగ్గినదని సంతసించు చోట ఈ పని సాగదు. తరగతిలో ఒకడు మానివేసినచో ఖాళీ బల్ల కనబడును. తెరపై ఆ ఖాళీయు కనబడదు. అట్లు జారిపోవు ప్రమాదము, ఇంట అడిగి తెలిసికొనుటకు చదువరులెవరును లేని మొదటి తరము విద్యార్థులకు అధికము. ఎన్ని పాఠములు రికార్డు చేసినదియు చెప్పుకొను సంస్థలు, ఎందరు విద్యార్థుల ప్రశ్నలకు బదులిచ్చినదియు, ఎందరు నడుమ మానివేసినదియు గూడ ఏటేట ప్రకటించుట న్యాయము.