చెరువు గట్టున యుగళప్రసాద్

రైతు పత్రికలో నవల ఊసేమిటని కొందరు సభ్యులు అడగవచ్చు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీలో 'ఆరణ్యక్' రాశాడు. సూరంపూడి సీతారాం దాన్ని 'వనవాసి'గా తెలుగు చేశారు. మాకు అది భూమి కథ. మొదట్లో కాస్త నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక పట్టాలి.

రచయిత 1920లలో భాగల్పూర్ వైపు ఒక జమీందారీ ఎస్టేటులో పనిచేశాడు. నవలలో సత్యచరణ్ పనీ అదే. అడవిని కౌలుకిచ్చి యజమానికి రాబడి చూపాలి. అడవిని ప్రేమిస్తూనే ముక్కలు చేసి పంచుతాడు. భూమి లేని పేదలు సాగుకు వస్తే వద్దనగలమా? రైతులుగా ఆ పేజీలు చదువుతుంటే మనకూ గొంతులో అడ్డం పడుతుంది.

అందులో యుగళప్రసాద్ అనే మనిషున్నాడు. ఎక్కడెక్కడి నుంచో విత్తనాలు, తీగలు తెచ్చి సరస్వతీ కుండం చుట్టూ నాటుతుంటాడు. ఆ నేల అతనిది కాదు, పైసా లాభం లేదు. అక్కడో కొత్త పువ్వు పూస్తే చాలు.

మన పరవాడలో సింహాద్రి థర్మల్‌కు, ఫార్మాసిటీకి పోగా మిగిలిన చెక్కల్లో బతుకుతున్నాం. 'ఈ భూమి ఎన్నాళ్లుంటుందో, మొక్క ఎందుకు' అనే మాట మన నోటనే వింటున్నాం. ఆ మాటే మనల్ని ముందుగా ఓడిస్తోంది. అందుకే మేము కిందటి భాద్రపదంలో రాలిన తాటిపళ్ల టెంకలు ఏరి చెరువు గట్టున పాతాం. తాటికి నీళ్లు మోయక్కర్లేదు, కంచె అక్కర్లేదు. తేగల కోసం తవ్వకుండా పిల్లలను ఆపడమే కష్టమైంది! కాపుకు పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. ఆ ముంజలు మనలో ఎందరు తింటారో!

దీన్ని చూపించి ఎవరూ తప్పించుకోకూడదు. ఇదివరకు ఇచ్చిన ఫ్యాక్టరీల అనుమతుల్లో మూడో వంతు స్థలంలో చెట్లు పెంచాలన్న షరతు మామూలుగా ఉండేది. మన పరిసరాల్లో అది ఎక్కడ ఎంత అమలైందో గ్రామసభలో లెక్క అడగాలి. టెంకలు మనం పాతుతాం, చెరువులోకి వ్యర్థాలు రాకుండా చూడాల్సింది వాళ్లు.

ఈసారి గట్టుకు రెండో వైపు ఖాళీగా ఉంది. పళ్లు రాలే రోజుల్లో గోనెసంచి పట్టుకుని రండి.