మందు కల్లు మానిన తల్లికి ధైర్యం చెప్పేదెవరు?

నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల పల్లెల్లో కల్లు తాగేది మగవాళ్లే కాదు. పొద్దంతా బీడీలు చుట్టిన ఆడవాళ్లు, నాట్లేసి వచ్చిన కూలీలు సాయంత్రం ఒక సీసా కల్లుతో ఒళ్లు నొప్పులు మరచిపోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. చెట్టు కల్లుతో ఇంత చేటు లేదు. చెట్లు చాలక, గిరాకీ తగ్గక, అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం మొదలయ్యాక వచ్చింది ఈ పీడ. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడని మందులు సీసాల్లో ఇంటింటికీ చేరాయి.

2015లో ప్రభుత్వం కల్తీపై దాడులు చేసింది. మంచిదే. కాని మందు ఒక్కసారిగా ఆగేసరికి చేతులు వణికి, మెడలు వంకరపోయి, పిచ్చిచూపులు చూస్తూ జనం ఆసుపత్రులకు బారులు తీరారు. వైద్యం ముందుగా సిద్ధం చేసుకుని దాడులకు దిగి ఉంటే బాగుండేది.

ఈ గొడవలో ఎవరికీ పట్టని మనిషి గర్భిణి. నెల తప్పిందని తెలియగానే బిడ్డ కోసం మానేస్తానని ఒట్టు పెట్టుకునే ఆడవాళ్లున్నారు. ఆ పట్టుదల మెచ్చదగిందే. అయితే రోజూ అలవాటైన ఈ మందులు ఉన్నపళంగా మానితే ఫిట్స్ రావచ్చు, తల్లికీ కడుపులో బిడ్డకూ ముప్పే. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. అందుకు ముందు ఆమె నోరు విప్పాలి. పదిమంది వరుసలో నిలబడి ఉండగా "నువ్వు తాగుతవా?" అని గద్దిస్తే ఏ ఆడమనిషి అవునంటుంది?

కాన్పయ్యాక అసలు కష్టం మొదలవుతుంది. అటువంటి శిశువు కొన్నాళ్లు వణకవచ్చు, ఆగకుండా ఏడవవచ్చు, పాలు సరిగా తాగకపోవచ్చు. ఇది వైద్యంతో తగ్గేదే. కాని ఇంట్లో "నువ్వు తాగే పిల్ల ఇట్లయింది" అన్న మాట ముందు పడుతుంది. బాలింత దాన్ని నమ్ముతుంది. కల్లులో మందు కలిపింది తాను కాదన్న సంగతి ఆమెకే గుర్తుండదు. బిడ్డను అత్త చేతికిచ్చి, తనకు సాకడం చేతకాదని మూల కూర్చుంటుంది. అట్లా కూర్చున్న మనిషి సాయంత్రానికి మళ్లీ కల్లు కాంపౌండు వైపు చూస్తే ఆశ్చర్యమేముంది? నిజానికి ఆ పసికందుకు వైద్యంతోపాటు కావలసింది తల్లి ఒడే. చప్పుడు లేనిచోట ఎదకు ఆనించుకుంటే బిడ్డ కుదుటపడుతుంది, తల్లికీ చెయ్యి తిరుగుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. అది మగవాళ్ల తాగుడుపై పోరు. ఆడవాళ్ల తాగుడు సంగతి ఎత్తడానికి ఇవాళ్టికీ సభల్లో నోరు రాదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులను పరీక్షించే రోజున ఈ ప్రశ్న వేరే గదిలో, మెత్తగా అడగాలి. మత్తు మాన్పించడానికి సలహా చెప్పే 14446 నంబరు అంగన్వాడీ గోడ మీద రాయాలి. కాన్పు తర్వాత ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్త బిడ్డ బరువుతో పాటు తల్లి ధైర్యం కూడా కనుక్కోవాలి. అత్తగారూ అదే కాంపౌండు కల్లు తాగే మనిషి కావచ్చు, ఆమెనూ పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలి.