గేటు లోపల తిడితే నేరం కాదా?

ఊరి నీళ్లు అందరివీ అంటారు. 1985 జూలైలో కారంచేడు రగిలింది ఆ నీళ్ల కాడే. టిక్కెట్టు కొన్నవాడికల్లా సినిమా హాలు సమానమే అంటారు. 1991లో చుండూరులో హాల్లో కాలు తగిలిందన్న తగువు ఎనిమిది శవాల దాకా పోయింది. అందరిదీ అన్నచోట మనల్ని నిలవనియ్యలేదు. ఇప్పుడు ఇంకో మెలిక. నలుగురూ లేనిచోట మనల్ని తిడితే అట్రాసిటీ కేసు కాదంట!

మన అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు తీరమే చూడండి. కయ్యలో నాట్లేసేటప్పుడు ఆసామి గట్టున నిలబడి కులం పేరెత్తి తిడితే పదిమందీ వినేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల ఆ కయ్యలే రొయ్యల గుంటలు. చుట్టూ కంచె, ముందర గేటు. రాత్రి కాపలాకు మనవాడో, యానాది కుర్రోడో ఒక్కడు. ఆ షెడ్డులో తిట్టిన తిట్టు ఎవరు వినాలి? తెల్లారి స్టేషనుకు పోతే, ‘ఎవరి ముందర తిట్టాడ్రా?’ అంటారు.

చట్టంలోనే ఆ సందు ఉంది. 1989 చట్టం ‘ప్రజల కంటబడే చోట’ అవమానిస్తేనే నేరమంది. 2015 సవరణలోనూ ఆ మాట పోలేదు. 2008లో సుప్రీంకోర్టు కొంత నయంగా చెప్పింది: చోటు సొంతదైనా, గేటు కాడ గాని, రోడ్డు మీదికి కనబడే ఆవరణలో గాని తిడితే అది ప్రజల కంటబడినట్టే. బయటి మనుషులుంటే ఇంటి లోపలైనా అంతే. బంధువులూ స్నేహితులూ మాత్రమే ఉంటే లెక్కకు రాదు. 2020లో ఉత్తరాఖండ్ కేసు వచ్చింది. ఇంట్లోకి జొరబడి కులం పేరుతో తిట్టారని ఒక దళిత స్త్రీ ఫిర్యాదు. నాలుగు గోడల మధ్య బయటివాళ్లు లేరని అట్రాసిటీ సెక్షను కొట్టేసి, మిగతావి ఉంచారు. అంటే వాడి షెడ్డులో తిట్టినా ప్రైవేటే, మన గుడిసెలోకొచ్చి తిట్టినా ప్రైవేటే!

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనం ఏ రూపంలోనూ కూడదంది. గేటు లోపలా బయటా అని అడగలేదు. బడిలో పిల్లలకు మేము చెప్పే పాఠమే ఇది. ఎస్సైకి ఎవరు చెప్పాలి?

1955 పౌరహక్కుల చట్టం 7వ సెక్షనులో కూడా, అంటరానితనం కారణంగా అవమానిస్తే నేరమని ఉంది. అక్కడ ‘ప్రజల కంటబడే’ అనే షరతు లేదు. శిక్ష ఆరు నెలలు మించదు గాని, కంప్లయింటులో ఆ సెక్షను కూడా అడగండి. గేటు తెరిచుందా, రోడ్డు ఎంత దూరం, విన్న బయటివాళ్లెవరు — ఇవన్నీ మొదటి కాగితంలోనే రాయించండి. తర్వాత చెబితే కల్పించారంటారు.

అసలు చిక్కు సాక్షి కాడ. విన్నవాడూ ఆ ఆసామి కాడే అడ్వాన్సు తిన్నవాడు. రేపు కోర్టులో నిలబడితే ఆ బాకీ ఎల్లుండి వాడి గడప తొక్కుద్ది. ఆ బాకీ సంగతి సంఘం ముందు తేల్చకుండా వాణ్ని సాక్ష్యం చెప్పమని ఏ మొగం పెట్టుకుని అడుగుతాం?