వంకకు దారి వదిలితేనే వాడకు ఆరోగ్యం



వరద అనగానే అది ఇంజనీర్ల పని అనుకుంటాం. అది ఆరోగ్య విషయం కూడా అని మా అభిప్రాయం.

2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జిలో నిలిచిన వాననీటిలో వాహనం చిక్కుకొని ఒక నవవధువు మరణించింది. మరుసటి నెలలో ఎం.ఆర్.పల్లి వైపు కాలనీలు మునిగాయి. శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి సిమెంటు రింగుల సంపు నేలలోనుండి పైకి లేచింది. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించారు.

శేషాచలం కొండలపై పడిన వాన కొద్ది గంటల్లోనే కిందికి దిగుతుంది. మన పెద్దలు దానిని వంకల ద్వారా చెరువుకు, చెరువు నిండితే మొరవ ద్వారా కింది చెరువుకు, చివరకు స్వర్ణముఖికి పంపేవారు. ఇప్పుడు వంకలు పూడ్చి ప్లాట్లు వేశాం. దారి లేని నీరు ఇళ్లలోకి వస్తుంది.

ఆ నీటితో మురుగు సంపులోకి చేరితే అతిసారం, టైఫాయిడ్, పచ్చకామెర్లు వస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో పుండ్లున్న కాళ్లతో నడిస్తే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. వరద తీసిన తరువాత డబ్బాల్లో, టైర్లలో నిలిచిన నీటిలో డెంగీ దోమ పెరుగుతుంది. వీటికి ఆసుపత్రిలో చికిత్స ఉంది. అయితే అదే ఇంటికి, అదే నీటికి తిరిగి వెళ్లే రోగికి మా మందు ఎన్నాళ్లు కాపు కాస్తుంది?

కాబట్టి కొత్త లేఅవుట్ మ్యాపులో వంక, మొరవ, చెరువు నిండు మట్టం తప్పక చూపాలి. పల్లపు స్థలాన్ని ఆటస్థలంగా వదలాలి. సంపు మూత రోడ్డు మట్టానికి పైన ఉండాలి. సెప్టిక్ ట్యాంకు బోరుకు, సంపుకు దూరంగా ఉండాలి. బడి, ఆరోగ్య కేంద్రం మెరకమీద కట్టాలి. మన చర్చిల, ఆసుపత్రుల ప్రహరీ గోడలు నీటి దారికి అడ్డముంటే ముందుగా మనమే తొలగించాలి.

ఆక్రమణల పేరుతో పేదలను మాత్రమే వెళ్లగొట్టడం న్యాయం కాదు. చవకగా దొరికింది గనుకనే వారు పల్లంలో ఉన్నారు. పనికి దగ్గరలో వేరే స్థలం చూపిన తరువాతే వారిని కదిలించాలి.

ప్రభువు చెప్పిన ఉపమానంలో వాన, వరద రెండు ఇళ్లమీదికీ వచ్చాయి. నిలిచింది బండమీద కట్టినదే. మన ఊళ్లలో ఇసుకమీది ఇంటివాడిని బుద్ధిహీనుడనే ముందు, అతనికి ఆ స్థలం అమ్మినవారిని, అనుమతి ఇచ్చినవారిని కూడా అడుగుదాం.