రోగికి చెప్పకుండా ఆపరేషన్ నిర్ణయించవద్దు

మలంలో రక్తం పడితే మన కోనసీమలో ముందుగా వినిపించే మాట "మొలలే కదా" అని. చాలాసార్లు మొలలే. అయితే వేలితో పరీక్ష, అవసరమైతే కొలోనోస్కోపీ జరగనిదే ఆ మాట ఎవరూ ఖాయంగా చెప్పలేరు. మలాశయ క్యాన్సర్ కూడా మొదట నొప్పి లేకుండా రక్తంతోనే బయటపడవచ్చు.

తొలిదశలో దొరికితే ఆపరేషన్‌ను ఎంచుకునే వీలు ఉంటుంది. ఒకటి, పొట్ట కోయకుండా మలద్వారం గుండా గడ్డను మాత్రమే తీసివేయడం. ఇందుకు ప్రత్యేక పరికరాన్ని 1980లలో జర్మనీ సర్జన్ గెర్హార్డ్ బ్యూస్ రూపొందించారు. రోగి త్వరగా లేచి తిరుగుతారు. కానీ పేగు గోడ పై పొరలు దాటని చిన్న గడ్డలకే ఇది తగును. చుట్టూ ఉన్న లింఫు గ్రంథులు లోపలే ఉండిపోతాయి. వాటిలోకి వ్యాధి అప్పటికే చేరి ఉంటే తిరగబెడుతుంది.

రెండవది, మలాశయాన్ని చుట్టూ ఉన్న కొవ్వుతో, గ్రంథులతో సహా తీసి, వీలైతే పేగును మళ్లీ కలపడం. 1982లో ఇంగ్లండు సర్జన్ బిల్ హీల్డ్ వివరించిన ఈ పద్ధతితో వ్యాధి అక్కడే తిరగబెట్టడం బాగా తగ్గింది. అయితే ఇది పెద్ద ఆపరేషన్. కొన్నాళ్లు పొట్టమీద సంచి ఉండవచ్చు, విరేచనం అలవాటు మారవచ్చు. గడ్డ మలద్వారానికి మరీ దగ్గరగా ఉన్న కొందరికి సంచి శాశ్వతం కావచ్చు.

ఎవరికి ఏది తగునో ఎమ్మారై, బయాప్సీ చూసి డాక్టర్లు చెబుతారు. కొన్నిసార్లు రెండు దారులూ తెరిచే ఉంటాయి. అప్పుడు ఎంచుకోవలసింది రోగి. మన ఇళ్లలో మాత్రం "అమ్మకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ శరీరంతో బతకవలసింది అమ్మే కదా! డెబ్బై ఏళ్ల తల్లి "కాస్త ప్రమాదం ఉన్నా చిన్నదే చాలు" అనవచ్చు. నలభై ఏళ్ల కొబ్బరి దింపు కార్మికుడు "కొన్నాళ్లు సంచి మోస్తాను, జబ్బు మళ్లీ రాకూడదు" అనవచ్చు. ఇద్దరి మాటా సబబే.

పైగా చిన్న ఆపరేషన్ తరువాత ఏళ్ల తరబడి పరీక్షలకు రావాలి. తీసిన గడ్డ రిపోర్టులో వ్యాధి లోతుగా ఉందని తేలితే పెద్ద ఆపరేషన్‌కూ సిద్ధపడాలి. జబ్బు పేరే తెలియనివారు ఎందుకు వస్తారు?

కాబట్టి రోగిని పక్కనే కూర్చోబెట్టుకుని అడగండి: గడ్డ ఎంత లోతు ఉంది? గ్రంథులకు చేరే అవకాశం ఎంత? సంచి అవసరమా, ఎన్నాళ్లు? ఈ ఆపరేషన్‌లో మీకు అనుభవం ఉందా? ఖర్చు గురించి బెంగ ఉంటే డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏ ఆసుపత్రిలో వీలవుతుందో విచారించండి. సంచికి భయపడి మొలల మందుతో నెలలు గడిపితే, ఎంచుకునే ఆ వీలు కాస్తా చేజారిపోతుంది.