తప్పు ఒకటే, కేకలు రెండు

'ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్'. లైనక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లకు తెలిసిన గొడవే ఇది. డిస్కో, నెట్‌వర్క్ కార్డో ప్రాసెసర్‌ని పిలిచే పిలుపే ఇంటరప్ట్. ఒక లైను మీద వచ్చిన లక్ష పిలుపుల్లో 99,900కు మించి ఏ డ్రైవరూ పట్టించుకోకపోతే కెర్నెల్ ఈ మాట రాసి, ఆ లైనును ఆపేస్తుంది. మాట వెటకారంగా ఉన్నా మెసేజ్ మాత్రం మేలైనదే. ఏ లైనులో తేడా వచ్చిందో, ఏ ఆప్షన్‌తో బూట్ చేసి చూడాలో చెబుతుంది. లక్షసార్లు మొత్తుకోదు.

డ్రైవర్లలో ఈ క్రమశిక్షణ తక్కువ. తమ ఇంటరప్ట్ నంబరు కోసం చాలా డ్రైవర్లు ప్లాట్‌ఫామ్_గెట్_ఐఆర్‌క్యూ అనే ఫంక్షన్‌ను పిలుస్తాయి. నంబరు దొరక్కపోతే ఒకప్పుడు ఎవరికి తోచిన ఎర్రర్ వాళ్లు రాసుకునేవారు. కొందరు అసలు రాసేవారే కాదు. 2019లో, 5.4 వెర్షన్‌లో, ఆ ఫంక్షనే మెసేజ్ రాసేలా మార్చారు. దాంతో డ్రైవర్లలోని పాత మెసేజ్‌లు దండగయ్యాయి: తప్పు ఒకటే, లాగ్‌లో లైన్లు రెండు. వాటిని ఏరడానికి, కోడ్‌లో నమూనాలను వెతికి మార్చే కాక్సినెల్ అనే సాధనానికి ఒక స్క్రిప్టు రాశారు.

అక్కడితో తెగలేదు. కొన్ని పరికరాలకు ఇంటరప్ట్ ఉన్నా సరే, లేకున్నా సరే. అవి బాగానే పనిచేస్తున్నా లాగ్‌లో ఎర్రర్లు పడసాగాయి. చివరికి నోరు మెదపని 'ఆప్షనల్' ఫంక్షన్‌ను వేరుగా చేర్చాల్సి వచ్చింది. శుభ్రం చేయబోతే కొత్త చెత్త పడిందన్నమాట!

ఇదంతా పైపై మెరుగులేనని తీసిపారేసేవారున్నారు. లెక్క చూడండి. 1,15,200 బాడ్ సీరియల్ కన్సోల్ మీద 80 అక్షరాల లైను వెళ్లడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు. ఇంటరప్ట్ హ్యాండ్లర్ మైక్రోసెకన్లలో ముగియాల్సిన పని. అందుకే ఒకే చోటి మెసేజ్‌లను మామూలుగా 5 సెకన్లకు 10కి పరిమితం చేసే రేట్‌లిమిట్ సదుపాయం పెట్టారు. గడువులోగా స్పందన తప్పనిసరైన పనులకు కావాల్సిన రియల్‌టైమ్ సపోర్టు కూడా 2024లో 6.12 వెర్షన్‌తో గానీ ప్రధాన కెర్నెల్‌లో పూర్తిగా కుదురుకోలేదు. ఆఖరిదాకా అడ్డుపడిన వాటిలో ఈ మెసేజ్‌లు రాసే ప్రింట్‌కే ఒకటి.

తొలి ప్యాచ్‌గా దండగ మెసేజ్‌లను ఏరే పనినే ఎంచుకునే ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక మాట. స్క్రిప్టు చూపించింది కదా అని లైను కొట్టేయకండి. లోపలి ఫంక్షన్ ఎప్పుడు మెసేజ్ రాస్తుందో, ఎప్పుడు ఊరుకుంటుందో చదవండి. వీలైతే అసలు బోర్డు మీద బూట్ చేసి, లాగ్ చూశాకే పంపండి.